కారు తీసే ముందే

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో కారు లేకపోతే కరివేపాకు కూడా ఇంటికి రాదు. ఐ-80, ఐ-287, రూట్ 46, రూట్ 10, రూట్ 202, ఇన్ని రోడ్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే ఊరు ఇది. లేక్ హయవాతాలో నార్త్ బెవర్‌విక్ రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్ళు నాలుగడుగులు వేసి సరుకులు తెచ్చుకుంటారేమో గానీ, మిగతా అందరికీ ఆఫీసుకైనా, పిల్లల స్కూలుకైనా, డాక్టరు దగ్గరికైనా స్టీరింగే దిక్కు. ఇలాంటి చోట షుగర్ ఉన్న మనిషితో "డ్రైవింగ్ తగ్గించండి" అని చెప్పడమంటే చేతులు దులుపుకోవడమే. ఈ అధ్యాయంలో ఆ మాట అనబోవడం లేదు.

షుగర్ మనవాళ్ళలో ఎంత మామూలైపోయిందో చెప్పనక్కర్లేదు. ఇండియాలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా కట్టింది. సముద్రం దాటినంత మాత్రాన ఒంటి తత్వం మారదు కదా. అమెరికాలో స్థిరపడ్డ దక్షిణాసియా వాళ్ళ మీద చేస్తున్న అధ్యయనం ఒకటుంది, దాని పేరు నిజంగానే 'మసాలా'. ఇక్కడి తెల్లవాళ్ళ కంటే మనకు షుగర్ ఎక్కువని అదీ తేల్చింది. ఇంకో చిత్రం ఏమిటంటే, చాలామంది ఇళ్ళలో ఉండే కాంటూర్ నెక్స్ట్ షుగర్ మీటర్ అట్టపెట్టె మీద ఏళ్ళ తరబడి అచ్చయిన చిరునామా పార్సిప్పనీలోని వుడ్ హాలో రోడ్డుదే. పెట్టె మీద మన ఊరి పేరే ఉన్నా, మీటర్ మాత్రం బీరువాలో ఉంటుంది.

ముందు భయం తీర్చే మాట. షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది నిక్షేపంగా కారు నడపొచ్చు. షుగర్ ఉందన్న ఒక్క కారణంతో ఎవరి చేతిలోంచీ స్టీరింగ్ లాక్కోకూడదని, ఎవరి పరిస్థితి వాళ్ళది విడిగా చూడాలని అమెరికన్ డయాబెటీస్ అసోసియేషన్ 2012లోనే రాతపూర్వకంగా చెప్పింది. అసలు ప్రమాదం నడిపేటప్పుడు షుగర్ పడిపోవడంలో ఉంది. దాన్నే మనం "లో అయింది" అంటాం.

వర్జీనియా విశ్వవిద్యాలయంలో డానియల్ కాక్స్ బృందం చేసిన ప్రయోగం ఒకటి 2000లో అచ్చయింది. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళను డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, వాళ్ళ గ్లూకోజును మెల్లమెల్లగా దించుతూ పోయారు. 70 చుట్టుపక్కలకి వచ్చేసరికే డ్రైవింగ్ దెబ్బతింది. తాము సరిగా నడపడం లేదని వాళ్ళకి తెలుస్తూనే ఉంది. అయినా 50 కంటే కిందికి పడేదాకా దిద్దుకునే పని ఏదీ చేయలేదు!

ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ అధ్యాయం మొత్తానికి ఇదే ఆధారం. మెదడు నడిచేది గ్లూకోజు మీద. అది తగ్గగానే ముందుగా పోయేది కాలో చెయ్యో కాదు, వివేచన. "ఇంకో రెండు మైళ్ళేగా, ఇంటికెళ్ళి తినేస్తాను" అని ఆ క్షణంలో మీకు అనిపిస్తుంది. ఆ లెక్క వేసింది పస్తున్న మెదడు. తెలివైనవాళ్ళు, ఇరవై ఏళ్ళుగా యాక్సిడెంట్ ఎరగనివాళ్ళు కూడా అదే లెక్క వేస్తారు. కాబట్టి ఆగాలా వద్దా అన్న తీర్మానాన్ని రోడ్డు మీదికి వాయిదా వేయకూడదు. అది ఇంటి డ్రైవ్‌వేలోనే, కడుపులో ఇంత పడి బుర్ర సరిగా పనిచేస్తున్నప్పుడే అయిపోవాలి.

మీ మాత్రలో ఏముంది?

షుగర్ మందులన్నీ లో చేయవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకీ, సిటాగ్లిప్టిన్ లాంటివి వాడేవాళ్ళకీ, వారానికోసారి వేసుకునే కొత్త ఇంజెక్షన్ల మీద మాత్రమే ఉన్నవాళ్ళకీ లో అవడం అరుదు. ఇన్సులిన్ వాడేవాళ్ళూ, గ్లిమిపిరైడ్, గ్లిపిజైడ్, గ్లైబ్యూరైడ్, గ్లిక్లజైడ్ కుటుంబం మాత్రలు వేసుకునేవాళ్ళూ జాగ్రత్త పడాలి. తిన్నారా లేదా అని ఆ మాత్రలు చూడవు. కడుపు ఖాళీగా ఉన్నా వాటి పని అవి చేసుకుపోతాయి.

ఇక్కడ మనవాళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఆరు నెలల మందులు హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో సూట్‌కేసులో వస్తాయి. "నేను వాడేది గ్లైకోమెట్టే, అంటే మెట్‌ఫార్మినే" అంటారు. అట్ట తిప్పి చూస్తే గ్లైకోమెట్ పక్కన చిన్నగా 'జీపీ' అని ఉంటుంది. ఆ జీపీలో ఉన్నది గ్లిమిపిరైడ్. కొన్ని మాత్రల్లో వోగ్లిబోస్ అనే మూడో మందు కూడా కలిసి ఉంటుంది. ఇక్కడి డాక్టరుకి మీరు చెప్పింది "మెట్‌ఫార్మిన్" అని. ఆయన రాసుకున్నదీ అదే. లో అయ్యే మందు మీ ఒంట్లో ఉన్నట్టు మీకూ తెలియదు, ఆయనకీ తెలియదు. మీరు మాత్రం రోజూ ఐ-287 ఎక్కుతున్నారు.

బీపీకో గుండెకో బీటా బ్లాకర్ వాడుతుంటే ఇంకో మెలిక. లో అయినప్పుడు గుండె దడ, చేతుల వణుకు హెచ్చరిక గంటల్లా మోగుతాయి. ఆ మందు ఆ గంటల్ని నొక్కేస్తుంది, చెమట ఒక్కటే మిగులుతుంది. ఏసీ పెట్టిన కారులో నుదురు తడిసిందంటే ఎండనో టెన్షన్‌నో తిట్టుకోకుండా షుగర్‌ని అనుమానించండి. చాలా ఏళ్ళుగా షుగర్ ఉండి, తరచూ లో అయ్యేవాళ్ళకి ఒక్కోసారి ఏ గుర్తూ తెలియదు. మీటర్‌లో 55 కనబడుతుంటుంది, మనిషి హాయిగా కబుర్లు చెబుతుంటాడు. అలాంటివాళ్ళు డాక్టరుతో మాట్లాడి, కొన్ని వారాలు లో కాకుండా చూసుకున్నాకే స్టీరింగ్ పట్టుకోవాలి. లో అవడం మానేస్తే పోయిన గుర్తులు చాలామందికి తిరిగొస్తాయి, అది మంచి కబురే.

90, 70

రెండే అంకెలు గుర్తుపెట్టుకోండి. ఇన్సులిన్ గానీ పైన చెప్పిన మాత్రలు గానీ వాడేవాళ్ళు కారు తీసే ముందు షుగర్ చూసుకోవాలి. 90 పైన ఉంటే బయల్దేరొచ్చు. 70కీ 90కీ మధ్య ఉంటే ఏదైనా తిని బయల్దేరాలి. 70 కంటే తక్కువైతే ప్రయాణం లేదు. ఎవరి పెళ్ళైనా, ఏ మీటింగైనా సరే.

బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడేవాళ్ళకి దాదాపు ఇదే నియమం ప్రభుత్వమే పెట్టింది. బయల్దేరే ముందు రెండు గంటల లోపు ఒకసారి చూసుకోవాలి, దారిలో రెండు గంటలకోసారి చూసుకోవాలి. అమెరికాలో మామూలు లైసెన్సు మీద ఇలాంటి నియమం ఎవరూ రుద్దలేదు కాబట్టి మనమే పెట్టుకోవాలి.

వేలు గుచ్చుకునేవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కుని చూసుకోండి. మామిడిపండు కోసిన వేలితో చూస్తే పండులోని తీపిని కూడా మీటర్ లెక్కేస్తుంది. అసలు 68 ఉన్న మనిషికి 140 కనబడి ధీమాగా కారెక్కే ప్రమాదం ఉంది.

చేతికి సెన్సర్ పెట్టుకున్నవాళ్ళకి అంకె కంటే బాణం ముఖ్యం. 110 ఉండి బాణం నిటారుగా కిందికి చూపిస్తుంటే, 95 ఉండి బాణం అడ్డంగా ఉన్నదాని కంటే అది ప్రమాదం. సెన్సర్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. షుగర్ వేగంగా పడుతున్నప్పుడు అది రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. అది 80 అంటున్నప్పుడు రక్తంలో 70 ఉండొచ్చు. డ్రైవింగ్ రోజుల్లో లో అలారాన్ని కాస్త పైకి, 80కో 90కో జరిపి పెట్టుకోవడం మంచిది. ప్రిస్క్రిప్షన్ లేకుండా 2024 నుంచి దొరుకుతున్న స్టెలో లాంటి సెన్సర్ కొనుక్కుని నిశ్చింతగా ఉండకండి. అది ఇన్సులిన్ వాడనివాళ్ళ కోసం చేసింది, లో అయితే అలారం కొట్టదు.

మరో సంగతి, నడుపుతూ ఫోన్ చేతిలోకి తీసుకుని సెన్సర్ అంకె చూడటం న్యూజెర్సీలో నేరం. మొదటిసారికే 200 నుంచి 400 డాలర్ల జరిమానా. "షుగర్ చూసుకుంటున్నానండీ" అంటే పోలీసాయన జాలిపడతాడేమో గానీ, ముందున్న కారు జాలిపడదు. అలారం గట్టిగా వినబడేలా పెట్టుకోండి, అది మోగితే ఆపి చూడండి. ఈ రాష్ట్రంలో గ్యాస్ మనం కొట్టుకోనక్కర్లేదు. 1949 నుంచీ ఆ పని అటెండెంటుదే. కార్డు ఆయన చేతికిచ్చి మీరు ఖాళీగా కూర్చునే ఆ రెండు నిమిషాలు మీటర్‌కి ఇవ్వండి. పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి ఆరేడు గంటలు నడుపుకుంటూ వెళ్ళే కుటుంబాలకి మాత్రం ఈ సుఖం పెన్సిల్వేనియా సరిహద్దుతో సరి. అక్కడ ఎవరి గ్యాస్ వాళ్ళే కొట్టుకోవాలి.

కారులో ఏం ఉంచాలి

గ్లూకోజ్ టాబ్లెట్లు. సీవీఎస్‌లో, వాల్‌గ్రీన్స్‌లో, షాప్‌రైట్ ఫార్మసీ పక్కన చిన్న ట్యూబుల్లో దొరుకుతాయి. ఒక్కోదాంట్లో 4 గ్రాములు. నాలుగు నమిలితే 16 గ్రాములు, ఒక లోకి అది చాలు. మంచుకి గడ్డకట్టవు, ఎండకి కారిపోవు. జ్యూస్ డబ్బా కూడా మంచిదే, అర కప్పు జ్యూస్‌లో సుమారు 15 గ్రాములు ఉంటుంది. అయితే జనవరిలో రాత్రంతా కారులో వదిలిన జ్యూస్ పొద్దున్నకి మంచుగడ్డ. దాన్ని చీకుతూ ఐ-80 మీద ఎవరూ కోలుకోలేరు. జ్యూస్ నమ్ముకునేవాళ్ళు దాన్ని బ్యాగులో వెంట తీసుకెళ్ళాలి.

చాక్లెట్, లడ్డూ, సున్నుండ పనికిరావు. తీపే, కానీ అందులోని కొవ్వు వల్ల గ్లూకోజు రక్తంలోకి నింపాదిగా చేరుతుంది. మనకి నింపాదిగా కూర్చునే తీరిక లేదు. ఇంటికొచ్చాక తినండి, నేనేం వద్దనను.

వోగ్లిబోస్ గానీ, ఇక్కడ దొరికే అకార్బోస్ గానీ వాడేవాళ్ళు ఇంకొంచెం శ్రద్ధగా చదవండి. పంచదార విరిగి గ్లూకోజు కావడాన్ని ఆ మందులే ఆలస్యం చేస్తాయి. అందుకే లో అయినప్పుడు వాళ్ళకి పంచదార, కోక్, మిఠాయి అనుకున్నంత వేగంగా పనిచేయవు. వాళ్ళ జేబులో అచ్చమైన గ్లూకోజే ఉండాలి. ట్యూబు మీద 'డెక్స్‌ట్రోజ్' అని ఉందో లేదో చూసుకోండి.

ట్యూబు ఎక్కడ పెడతారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. డిక్కీలో పెడితే లేనట్టే. వెనక సీటు మీది బ్యాగులో పెట్టినా అంతే. సీటు బెల్టు తీయకుండా, కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా కుడిచెయ్యి ఎక్కడికి వెళ్తుందో అక్కడ ఉండాలి. ఆ మూత కొత్తగా ఉన్నప్పుడు బిగుతుగా ఉంటుంది, పైన ప్లాస్టిక్ పొర కూడా ఉంటుంది. వణికే వేళ్ళతో అది ఊడిరాదు. కొన్న రోజే పొర చింపి, ఒకసారి మూత తీసి పెట్టి మరీ కారులో ఉంచండి.

ఇన్సులిన్‌ని మాత్రం కారులో వదలకండి. చలికి గడ్డకడితే అది నీళ్ళతో సమానం, వేసవిలో మూసిన కారు వేడికీ చెడిపోతుంది. స్పృహ తప్పినప్పుడు పక్కవాళ్ళు ముక్కులో కొట్టే గ్లూకగాన్ స్ప్రే, బాక్సిమీ, 2019లో వచ్చింది. ఇన్సులిన్ వాడేవాళ్ళు దాని గురించి డాక్టర్ని అడగండి. దాన్ని కూడా ఎండలో ఉన్న కారులో ఉంచకూడదు, జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో ఉంచుకోవాలి.

రోడ్డు మీద లో అయితే

అనుమానం వచ్చిన క్షణంలో ఆగాలి. చూసుకుని ఆగుదాం అనుకోకూడదు. ముందు ఆగాలి, తర్వాత చూసుకోవాలి. రూట్ 46 మీద ఉంటే కుడివైపు ఏదో ఒక పార్కింగ్ లాట్ వస్తూనే ఉంటుంది, అందులోకి తిప్పేయండి. ఐ-80 లాంటి చోట దగ్గర్లో ఎగ్జిట్ ఉంటే దిగిపోండి, లేకపోతే కుడివైపు షోల్డర్ మీద వీలైనంత పక్కకి ఆపి హజార్డ్ లైట్లు వేయండి. ఎడమకి తిరగాలంటే ముందు కుడికి వెళ్ళాల్సిన జగ్‌హ్యాండిల్ మలుపులు న్యూజెర్సీ ప్రత్యేకత. బుర్ర సరిగా పనిచేస్తున్నప్పుడే అవి తికమక పెడతాయి, లో అయినప్పుడు వాటి జోలికే పోకండి. కుడికి తిరిగి ఆగండి, ఇల్లు ఏ వైపు ఉందో తర్వాత చూసుకోవచ్చు.

ఇంజిన్ ఆపేయండి. 15 గ్రాముల గ్లూకోజు తినండి. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే. పైకి వచ్చాక బిస్కట్లో, శాండ్‌విచ్చో ఏదో ఒకటి తినాలి, లేకపోతే మళ్ళీ పడిపోతుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మీటర్ 100 చూపించగానే కారు తీస్తారు. రక్తంలో గ్లూకోజు పెరిగినంత మాత్రాన మెదడు వెంటనే తేరుకోదు. షుగర్ మామూలు స్థాయికి వచ్చాక 45 నిమిషాలు గడిస్తే గానీ నడపకూడదని బ్రిటన్ నియమం. ఈ 45 నిమిషాలే అందరికీ కష్టం. పిల్లల్ని తెచ్చుకోవాలి, మీటింగ్ ఉంది, ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పాలు డిక్కీలో ఉన్నాయి. ఎవరికైనా ఫోన్ చేయండి, ఉబర్ పిలవండి. మన ఊళ్ళో ఇంటికి నాలుగు మైళ్ళ లోపు ఒక్క తెలుగు కుటుంబమైనా లేనివాళ్ళు తక్కువ. వాళ్ళకి ఆ సాయం చేయడం పెద్ద పనేం కాదు, అడగడమే మనకి నామోషీ.

ప్రయాణం అనుకున్న టైముకే ముగుస్తుందన్న ధీమా కూడా వద్దు. 2024 డిసెంబర్ 26న వార్టన్ దగ్గర ఐ-80 కుంగి గొయ్యి పడింది. ఎప్పుడో వదిలేసిన ఇనుప గని కింద ఉందట. తర్వాతి ఫిబ్రవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి అదే తంతు. 2025 జూన్ దాకా లేన్లన్నీ తెరుచుకోలేదు. ఆ నెలలన్నీ ఆ ట్రాఫిక్ రూట్ 46 మీదా, రూట్ 10 మీదా పడి, నిమిషాల్లో అయ్యే ప్రయాణానికి గంటలు పట్టింది. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుని, "పావుగంటలో ఇంట్లో ఉంటాంగా, అక్కడే తిందాం" అనుకున్నవాళ్ళకి ఆ రోడ్లు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి. భోజనం ఇన్సులిన్‌ని పళ్ళెం ముందు కూర్చున్నాకే వేసుకోవాలి, కారులో వేసుకోకూడదు.

పక్క సీట్లో ఉన్నవాళ్ళకి

ఆదివారం మధ్యాహ్నం. బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుళ్ళో సత్యనారాయణ వ్రతం ముగించుకుని ఐ-287 మీద ఉత్తరంగా వస్తున్న కారు అనుకోండి.

"ఏమండీ, మన ఎగ్జిట్ దాటిపోయింది."

"చూశాన్లే."

"నుదుటి మీద ఆ చెమటేంటి? ఏసీ పెంచనా?"

"ప్రతిదానికీ సతాయించకు. నన్ను నడపనీ."

దీన్ని మనం మొగుడూపెళ్ళాల చిన్న కీచులాట అనుకుంటాం. ఎగ్జిట్ మిస్సవడం, చెమట, కారణం లేని చిరాకు, మూడూ కలిస్తే అది లో. పొద్దున మాత్ర వేసుకున్నాడు. వ్రతం అయ్యేదాకా ఏమీ తినకూడదని కూర్చున్నాడు. ప్రసాదం రెండు చెంచాలు తిని "మళ్ళీ షుగర్ పెరుగుతుంది" అని మిగతాది భార్యకిచ్చాడు.

ఆ సమయంలో అతనితో వాదించి లాభం లేదు. లో అయిన మనిషికి తనకి లో అయిందని చెబితే కోపం వస్తుంది. అందుకే ఒప్పందం ఇంట్లోనే జరగాలి. "నేను 'పక్కకి ఆపండి' అన్నానంటే ఎందుకని అడగకుండా ఆపాలి. ఆపాక షుగర్ బాగానే ఉంటే నన్ను తిట్టుకోండి." ఇంతే. తిట్లు తప్పవేమో గానీ, కారు ఆగుతుంది. గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు వెనక సీట్లో ఉంటే ఆమెకీ చెప్పి ఉంచండి. అల్లుడి డ్రైవింగ్‌ని తప్పుపట్టే చొరవ ఆమె తనంతట తాను తీసుకోదు. "మీరు 'బాబూ, ఒకసారి ఆపు నాయనా' అంటే చాలత్తయ్యా, మిగతాది నేను చూసుకుంటాను" అని అల్లుడే చెప్పాలి.

ఏకాదశి, శివరాత్రి, కార్తీక సోమవారాలు, అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనం. వీటిని మానమని ఏ డాక్టరూ అననక్కర్లేదు. ఆ రోజు మందు డోసు మార్చాలా అని ముందుగా అడగాలి. అడిగాక కూడా, ఉపవాసం రోజు స్టీరింగ్ ఇంట్లో ఇంకొకరికి ఇచ్చేయండి. దేవుడికి డ్రైవరు ఎవరన్న పట్టింపు లేదు. శనివారం క్రికెట్ ఆడినా, జిమ్‌లో గట్టిగా శ్రమపడినా షుగర్ గంటల తర్వాత కూడా పడొచ్చు. మందు పార్టీ సంగతి వేరే చెప్పాలా? తాగిన రాత్రి సరే, మర్నాడు పొద్దున కూడా లో అవ్వొచ్చు. అప్పటికి మత్తు దిగి, "నేను బాగానే ఉన్నా" అని బయల్దేరతారు.

టైప్ 1 ఉన్న పిల్లలకి న్యూజెర్సీలో 17 ఏళ్ళకి ఒంటరిగా నడిపే లైసెన్సు వస్తుంది. సెన్సర్ అంకెలు అమ్మ ఫోన్లోనూ కనబడతాయి. 72 అని రాగానే అమ్మ వెంటనే ఫోన్ చేస్తుంది, వాడు నడుపుతూ ఫోన్ తీస్తాడు. ఆ ఫోన్ కాల్, లో అవడం కంటే ప్రమాదం. అలారం మోగితే ఆపేది వాడే, ఆపాక ఫోన్ చేసేది కూడా వాడేనన్న కట్టుబాటు పెట్టుకుని, ఆ పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవడం అమ్మకి పెద్ద పరీక్షే.

షుగర్ ఉన్నట్టు తెలిపే కడియం చేతికో, కార్డు పర్సులోనో ఉంచుకోండి. ఎందుకంటే, లో అయిన మనిషి చూసేవాళ్ళకి తాగినట్టే ఉంటాడు. 1984 నవంబర్ 12న నార్త్ కరోలినాలోని షార్లట్‌లో డిథార్న్ గ్రాహం అనే అతనికి లో అవుతున్నట్టు తెలిసింది. సరిగ్గా చేయాల్సిన పనే చేశాడు, తాను నడపకుండా స్నేహితుడి కారులో ఆరెంజ్ జ్యూస్ కోసం దుకాణానికి వెళ్ళాడు. లోపల క్యూ పొడుగ్గా ఉందని వెంటనే బయటికొచ్చేశాడు. ఆ తొందర చూసి ఒక పోలీసుకి అనుమానం వచ్చి కారు ఆపాడు. షుగర్ అని స్నేహితుడు చెబుతున్నా వినలేదు. ఇంకా పోలీసులు వచ్చి బేడీలు వేశారు, జ్యూస్ తాగనివ్వలేదు. వదిలిపెట్టేసరికి అతని పాదం ఎముక విరిగి ఉంది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పోలీసులు ఎంతవరకు బలం వాడొచ్చో తేల్చే 1989 నాటి గ్రాహం వర్సెస్ కానర్ తీర్పు, ఈనాటికీ అమెరికా కోర్టులన్నీ చెప్పుకునే తీర్పు, ఒక గ్లాసు ఆరెంజ్ జ్యూస్ దగ్గర మొదలైందన్నమాట. మన యాసలో, మన రంగులో "ఐ యామ్ డయాబెటిక్" అన్న మాట ఆ హడావుడిలో ఎంతవరకు వినబడుతుందో తెలియదు. కడియం అయితే కనబడుతుంది.

కళ్ళు, కాళ్ళు, నిద్ర

లో గురించి ఇంత చెప్పి, హై గురించి చెప్పకపోతే తప్పు. షుగర్ 300 దాటితే చూపు మసకబారుతుంది, మగత వస్తుంది, ప్రతి ఎగ్జిట్‌కీ బాత్రూమ్ కావాల్సి వస్తుంది. అలాంటప్పుడు నడపకండి, కొత్త కళ్ళజోడుకి కొలతలూ ఇవ్వకండి. షుగర్ దిగాక ఆ నంబరు మారిపోతుంది.

ఏటా కంటి పాప పెద్దది చేసి చూసే రెటీనా పరీక్షకి ఒంటరిగా వెళ్ళకండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు ఎండ కళ్ళలోకి పొడుచుకొస్తుంది. లేజర్ చేయించుకున్నవాళ్ళకి పక్కచూపూ రాత్రి చూపూ తగ్గొచ్చు. రాత్రిపూట ఎదురు లైట్లకి కళ్ళు చెదురుతున్నాయని మీకు అనిపిస్తే పగటి ప్రయాణాలకే పరిమితం కావడంలో చిన్నతనం లేదు. పాదాలు మొద్దుబారినవాళ్ళకి బ్రేక్ ఎంత నొక్కారో, అసలు కాలు ఏ పెడల్ మీద ఉందో తెలియకపోవచ్చు. పలుచని గట్టి అడుగున్న బూట్లు కొంత మేలు. చెప్పులతో, చలికాలం మందపాటి స్నో బూట్లతో నడపకండి. చేత్తో నడిపే కంట్రోల్స్ కూడా ఉన్నాయి. గురక పెట్టి, పగలు కునుకు తీసేవాళ్ళు నిద్ర పరీక్ష చేయించుకోండి. టైప్ 2 షుగర్, స్లీప్ ఆప్నియా చాలామందిలో జంటగా ఉంటాయి.

డాక్టరు దగ్గర దాచడం

"లో అయి కళ్ళు తిరిగాయని చెబితే లైసెన్సు పోతుందేమో" అని మనవాళ్ళు డాక్టరు దగ్గర నోరు విప్పరు. ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. రోగి గురించి మోటార్ వెహికల్ అధికారులకు డాక్టరే తెలియజేయాలని చట్టం ఉన్న కొద్ది రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి. అయితే ఆ చట్టం మాట్లాడేది చికిత్స చేస్తున్నా పదేపదే స్పృహ తప్పే, మూర్ఛ వచ్చే, కాళ్ళూ చేతులూ అదుపు తప్పే పరిస్థితి గురించి. అలాంటిది నిర్ధారించుకున్న డాక్టరు 24 గంటల్లో తెలియజేయాలి. గ్లిమిపిరైడ్ డోసు ఎక్కువై ఒకసారి లో అయి, డోసు తగ్గించగానే సర్దుకున్న మనిషి వేరు. దాచిపెట్టి, డోసు మారక, మళ్ళీ మళ్ళీ పడిపోతేనే ఆ చట్టం పరిధిలోకి మీరే నడిచి వెళ్ళినట్టు. రోడ్డు మీద ఎవరికైనా ఏదైనా అయితే, ముందే తెలిసి దాచారన్న ప్రశ్న కోర్టులో వస్తుంది.

అంకెలు దాచకుండా చూపిస్తే ఏమవుతుందో ట్రక్కు డ్రైవర్లను చూస్తే తెలుస్తుంది. అమెరికాలో ఒకప్పుడు ఇన్సులిన్ వేసుకుంటే రాష్ట్రాలు దాటి ట్రక్కు నడిపే ఉద్యోగానికి పనికిరారు. 2003 నుంచి ఒక్కొక్కరికి విడిగా మినహాయింపులిస్తూ వచ్చి, 2018 నవంబర్‌లో ఆ నిషేధాన్నే ఎత్తేశారు. ఇప్పుడు అడిగేది మూడు నెలల మీటర్ రికార్డు, చికిత్స చేస్తున్న డాక్టరు సంతకం చేసిన ఫారం. మూడు నెలల అంకెలు చూపించగలిగినవాళ్ళకి ఎనభై వేల పౌన్ల ట్రక్కే అప్పగిస్తున్నారు. మీ క్యామ్రీ కారుకి ఆ రికార్డు ఎవరూ అడగరు, ఇంట్లో మీరే అడగాలి.

మందుల డబ్బా ఒకసారి ముందుకు తెచ్చుకోండి. ప్రతి అట్ట వెనకా ఉన్న మందు పేర్లన్నీ, ఇండియా నుంచి తెచ్చుకున్నవి కూడా, ఒక కాగితం మీద రాయండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితం ఆయన చేతికిచ్చి రెండు ప్రశ్నలు అడగండి. "వీటిలో నన్ను లో చేసేది ఏది? నేను రోజూ కారు నడుపుతాను, దాని బదులు లో చేయని మందు నాకు సరిపోతుందా?"